ట్వెల్త్ అయింది, ఇంట్ల సపోర్ట్ లేదు, కాస్ట్ వ్యాలిడిటీ లేదు. తక్కువ ఖర్చుల ఏ కాలేజీకి పోవాలె? (సిరొంచ)

ప్రాణహిత_పోరి
మాది మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా, ఊరి పేరు చెప్పను, ఇక్కడ అందరికి అందరు తెలుసు. ట్వెల్త్ సైన్స్ 71 శాతం, సీఈటీల (ఇక్కడి ఇంజనీరింగ్ ఎంట్రన్స్) 78 పర్సెంటైల్. ఇంట్ల తెలుగు, బడి మొత్తం మరాఠీ, తెలుగు రాసుడు ఫోన్ల చూసి నేర్చుకున్న, తప్పులుంటే నవ్వకుండ్రి. నేను ఎనిమిదిల ఉన్నప్పుడు బాపు ఇల్లు ఇడిచిపెట్టి పోయిండు. అప్పటిసంది అమ్మ, నేను, తమ్ముడు మామ ఇంట్ల ఉంటున్నం. అమ్మ ఎండకాలం తునికాకుకు పోతది, తర్వాత మిర్చి ఏరుటానికి గోదావరి అవతలికి పోతది. మామ చెడ్డోడు కాదు గాని ఆడపిల్ల ఇంజనీరింగ్ చదివి ఎవల్ని ఉద్ధరిస్తది, ఇక్కడనే డిగ్రీల చేరు, వచ్చే ఏడు సంబంధం చూద్దాం అంటుండు. పైసలు అడిగే మొకం నాకు లేదు.
చంద్రపూర్ గవర్నమెంట్ ఇంజనీరింగ్ కాలేజ్ రావచ్చు అని మా సార్ అన్నడు, అదయితే అక్కడ ఉండుడు తినుడు ఎట్లనో తెల్వది. మంచిర్యాలల మా పిన్ని ఉన్నది, అక్కడ ప్రైవేట్ డిగ్రీల చేరి మా ఇంట్లనే ఉండు అంటుంది. ఇంగ పోయిన వారం ఒకాయన బండి మీద వచ్చిండు, నాగ్‌పూర్ దిక్కు ఏదో కాలేజ్ అట, ఒక్క రూపాయి కట్టేది లేదు, హాస్టల్ కూడ ఫ్రీ, ఒరిజినల్స్ ఇస్తే చాలు అన్నడు. అమ్మ సంచిలకెళ్ళి కాగితాలు తీసి బయట పెట్టింది కూడ. ఓబీసీ, జాతి దాఖలా (కులం సర్టిఫికెట్) ఉన్నది, వ్యాలిడిటీ (ఆ దాఖలా నిజమే అని సమితి ఇచ్చే కాగితం) చేపియ్యలే. ఏది తక్కువల అయితదో తెలిసినోళ్ళు చెప్పుండ్రి.

లాల్‌పరి_లేటు
ఒరిజినల్స్ ఇచ్చినవా ఇయ్యలేదా, ముందు గది చెప్పు

ప్రాణహిత_పోరి
ఇయ్యలే. శనివారం మళ్ళ వస్త అన్నడు

లాల్‌పరి_లేటు
శనివారం ఇంటికి తాళం ఏసి పొలం కాడికి పోండ్రి

బల్లార్షా_బాబు
నవ్వులాట కాదు చెల్లె, మా దోస్తుకు అయిందే చెప్తున్న, కాలేజ్ పేరు వద్దు. మేమిద్దరం బల్లార్‌పూర్ పేపర్ మిల్లు లైన్ల పుట్టి పెరిగినం, మా తాతలు పని కోసం అటుకెళ్ళి ఇటు వచ్చినోళ్ళు. వాడు ట్వెల్త్ అయినంక ఇట్లనే ఒక ఏజెంట్ మాట ఇని క్యాప్ రౌండ్ల (గవర్నమెంట్ కౌన్సిలింగ్) ఫారం నింపకుండ డైరెక్ట్ సీటు తీసుకున్నడు. ఒరిజినల్స్ అన్ని ఇచ్చిండు. రసీదు లేదు ఏం లేదు. మహాడీబీటీల (గవర్నమెంట్ పోర్టల్) స్కాలర్‌షిప్ ఫారం నింపితే రిజెక్ట్, ఎందుకంటే క్యాప్‌ల నుంచి వచ్చిన సీటుకే ఫీజు మాఫీ ఇస్తరు, మేనేజ్‌మెంట్ కోటాకు ఇయ్యరు. అప్పుడు కాలేజోళ్ళు ఏమన్నరు? గవర్నమెంట్ ఇస్తలేదు కాబట్టి నువ్వు కట్టు. కట్టకుంటే టీసీ ఇయ్యం. ఏడాది పోయింది, 62 వేలు పోయినయి, వాళ్ళమ్మ మెడల ఉన్నది పోయింది.
రూల్ ప్రకారం చివరి తేదీ లోపల సీటు వదులుకుంటే వెయ్యి రూపాయల కంటె ఎక్కువ కోయద్దు, ఒరిజినల్స్ ఆపుకోవద్దు. గని రూల్ చూపియ్యాలంటే చేతుల రసీదు ఉండాలె కద. జిరాక్స్ ఇయ్యి, ఒరిజినల్ చూపియ్యి, మళ్ళ సంచిల పెట్టుకో. ఎవడు వచ్చినా గంతే.

అడవి_నెట్‌వర్క్
+1. ఆ బండాయన మా ఊరికి కూడ వచ్చిండు. ఒక్కో పోరనికి ఇంత అని కమిషన్ ఉంటది వానికి. మా అన్న ఉల్టా అడిగిండు, గంత ఫ్రీ ఉంటె నీ కొడుకు ఏడ చదువుతుండు అని. చాయ్ తాగకుండనే పోయిండు

మంచిర్యాల_మామ
బిడ్డా నా మాట ఇను. చంద్రపూర్ ఎందుకు, మీరు మాట్లాడేది తెలుగు, తినేది మన తిండి, పిన్ని మంచిర్యాలల ఉన్నది. దోస్త్‌ల (తెలంగాణ డిగ్రీ అడ్మిషన్ల పోర్టల్) ఆప్షన్ పెట్టుకుంటే డిగ్రీ సీటు వస్తది, పిన్ని ఇంట్ల ఉంటవు, కిరాయి లేదు మెస్ లేదు. మూడేండ్లు కండ్లు మూసుకుంటే అయిపోతది, తర్వాత బీఈడీ చేసుకో. ఆడపిల్లకు సేఫ్టీ ముఖ్యం. మీ ఊరి నుంచి వంతెన దాటితే మా దిక్కే కద.

కిన్వట్_కాక
మామా, సేఫ్టీ మాట మంచిదే గని పైసల లెక్క తప్పు చెప్తున్నరు. తెలంగాణల ఫీజు రీయింబర్స్‌మెంట్ లోకల్ పిల్లలకు. ఈ పోరి బడి మొత్తం మహారాష్ట్రల చదివింది, ఏ లెక్కన లోకల్ అయితది? ఫీజు మొత్తం జేబుల నుంచి కట్టాలె. అక్కడ లోకల్ కాదు, ఇక్కడ వచ్చేది వదులుకొని పోతది, రెండు దిక్కుల పాయె.
నా కథ చెప్త. మాది మహారాష్ట్రల కిన్వట్, ఆదిలాబాద్ మాకు దగ్గర, టెన్త్ ఇక్కడ చదివి, తెలుగు దిక్కు పిల్లలు బాగ చదువుతరు అని మా నాయన ఇంటర్ ఆదిలాబాద్‌ల ఏసిండు. ఇంటర్ అయినంక అక్కడ ఎంసెట్ల లోకల్ కావు అన్నరు, తొమ్మిది నుంచి ఇంటర్ దాక వరుసగ నాలుగేండ్లు అక్కడ చదవాలె అట, నావి రెండే. సరే అని నాందేడ్‌కు వస్తే ఇక్కడ టెన్త్ ఉన్నది ట్వెల్త్ మహారాష్ట్రల చదవలే, టైప్ ఏల (టెన్త్ ట్వెల్త్ రెండూ ఇక్కడ చదివినోళ్ళ లెక్కల) రావు అన్నరు. చివరికి మా నాయన డొమిసైల్ (ఇక్కడి నివాసి అనే దాఖలా) మీద టైప్ బీల పెట్టిన. ఆ డొమిసైల్ చేతికి వచ్చేసరికి మంచి సీట్లన్నీ అయిపోయినయి. బార్డర్ల ఉన్నోళ్ళం చేసే మొదటి తప్పు ఇదే, దగ్గర ఉన్నది కద అని సగం చదువు అటు సగం చదువు ఇటు. నువ్వు నయం బిడ్డా, టెన్త్ ట్వెల్త్ రెండూ ఇక్కడివే. దాన్ని ఖరాబ్ చేసుకోకు.

లాల్‌పరి_లేటు
తెలంగాణల ఆడోళ్ళకు బస్సు ఫ్రీ కద, అది కూడ లెక్కల వెయ్యాలె 😄

అడవి_నెట్‌వర్క్
ఆధార్ మీద సిరొంచ ఉంటె ఫ్రీ లేదు బాబూ. వంతెనకు ఇటు మన ఎస్టీ బస్సుల (మహారాష్ట్ర ఆర్టీసీ) అర టికెట్, అటు వాళ్ళ బస్సుల ఫుల్ టికెట్. మా అక్క కండక్టర్ తోటి కాళేశ్వరం దాక లడాయి పెట్టుకుంట పోయింది

ధర్మాబాద్_మిర్చి
పిన్ని ఇల్లు ఫ్రీ అని ఎవరు చెప్పారు మామయ్యా? నేను 11, 12 మా మేనత్త ఇంట్లో ఉండి చదివాను. పొద్దున చాయ్ నుంచి రాత్రి అంట్ల దాకా నేనే, పరీక్ష ముందు రోజు వాళ్ళ మనవడికి ఫస్ట్ బర్త్‌డే అని రాత్రి పదకొండు దాకా పూరీలు వత్తాను. వాళ్ళు మంచోళ్ళే, ఇప్పటికీ దసరాకు పోతాను. కానీ కిరాయి కట్టని ఇంట్లో పుస్తకం పట్టుకుని కూర్చుంటే మనకే ఏదోలా ఉంటుంది, ఎవరూ అనక్కర్లేదు. హాస్టల్‌లో నీళ్ళచారు తిన్నా ఆ మూడు గంటలు నీవి.

మంచిర్యాల_మామ
అందరి ఇండ్లు అట్ల ఉండవు తల్లీ. సరే గని లోకల్ సంగతి నాకు అంత తెల్వదు, కాక చెప్పింది ఒప్పుకుంట.

జడ్పీ_మేడం
నేను అహేరి దిక్కు టీచర్‌ని, ఏటా ఈ కాగితాల మీదనే నా జూన్ జులై పోతయి. బిడ్డా నిదానంగ చదువు.
2024 జులైల మహారాష్ట్ర గవర్నమెంట్ జీఆర్ (ఉత్తర్వు) తీసింది. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, ఎస్ఈబీసీ (మరాఠా కోటా) ఆడపిల్లలకు, ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపల ఉంటె, క్యాప్ నుంచి ప్రొఫెషనల్ కోర్సుల సీటు వస్తే ట్యూషన్ ఫీజు, ఎగ్జామ్ ఫీజు 100 శాతం మాఫీ. అంటే చంద్రపూర్‌ల సీటు వస్తే నీకు ట్యూషన్ ఫీజు సున్నా. మీ మామ చెప్పే డిగ్రీ కంటె ఇంజనీరింగ్ చౌక పడ్డా పడ్తది, ఈ ముచ్చట ఆయనకు చెప్పు.
గని ఇది ఓబీసీ కింద కావాలంటే జాతి దాఖలా ఒక్కటి సరిపోదు, జాత్ పడతాళని, అదే వ్యాలిడిటీ, ఇంగ నాన్ క్రీమీలేయర్ (ఆదాయం హద్దు దాటలేదనే దాఖలా) కావాలె. వ్యాలిడిటీ లెవెంత్‌లనే కాలేజ్ నుంచి పెట్టాలె. పెట్టలేదు, అయింది, ఇప్పుడు తిట్టి ఏం లాభం. రేపే ఆన్‌లైన్‌ల పెట్టి, ఆ ఫారం గడ్చిరోలి వ్యాలిడిటీ సమితిల జమ చేసి రసీదు తీసుకో. అడ్మిషన్ టైంల రసీదు చూపిస్తే సీటు ఇస్తుండ్రు, గడువు లోపల అసలుది ఇయ్యకపోతే ఓపెన్ కేటగిరీల పడ్తవు.
ఆదాయం దాఖలా అమ్మ పేరు మీద తియ్యి. మీ పేర్లు మామ రేషన్ కార్డుల ఉంటె ముందు వేరే చేపించుకోండ్రి, తలాఠి (పట్వారి) అదే అడుగుతడు. మామ ఆదాయం మీ ఆదాయం కాదు.

ప్రాణహిత_పోరి
మేడం రేషన్ కార్డు మామ దాంట్లనే ఉన్నది 😔 వ్యాలిడిటీకి వంశావళ్ (వంశవృక్షం) కావాలె అంటున్నరు సేతు కేంద్రంల (మీసేవ లాంటిది), బాపు దిక్కుది. బాపు ఫోన్ కలుస్తలేదు మూడేండ్ల సంది. బాపు వాళ్ళ ఇంటితోటి మాకు మాటలు లేవు, అమ్మ ఆ ఊరి పేరు ఎత్తితేనే లేచి పోతది. అమ్మ దిక్కు కాగితాలు పెడ్తే నడవదా?

జడ్పీ_మేడం
నడవది బిడ్డా. తండ్రి దిక్కు రక్త సంబంధమే చూస్తరు. ఓబీసీకి 1967 అక్టోబర్ 13 కంటె ముందటి కాగితం ఒకటి కావాలె, అప్పుడు మీ తాత ఈ రాష్ట్రంలనే ఉన్నడు, ఆయన జాతి ఇది అని. దానికి తండ్రి స్వయంగ రావాల్సిన పని లేదు. మీ తాత ఏ ఊరోడో ఆ ఊరి కోత్వాల్ బుక్ తహసీల్ రికార్డ్ రూంల ఉంటది, పుట్టినప్పటి ఎంట్రీల జాతి రాసి ఉంటది, నకల్‌కు అర్జీ పెట్టు. లేకపోతే తాత గాని తాత అన్నదమ్ములు గాని చదివిన బడిల దాఖల్ ఖారిజ్ (అడ్మిషన్ల) రిజిస్టర్. అన్నిటికంటె సులువు, మీ పెద్దనాయన చిన్నాయన పిల్లలల్ల ఎవరికన్న వ్యాలిడిటీ వచ్చి ఉంటె దాని కాపీ. అది పెడ్తే సమితి పెద్దగ కొర్రీలు పెట్టదు.

కిన్వట్_కాక
మేడం చెప్పిన కోత్వాల్ బుక్ విదర్భ దిక్కు. మా నాందేడ్ దిక్కు నిజాం కాలం ఉర్దూ కాగితాలు. మా తాత కాగితం దొరికింది గని చదివేటోడు దొరకలే, నాందేడ్‌ల ఒక ముసలాయన చదివి మరాఠీల రాసిచ్చిండు. దాంట్ల మా ఇంటి పేరు ఒక తీరు, బడిల మాస్తర్ దానికి వార్ అని తోక అతికించి ఇంకో తీరు, నా టీసీ మీద మూడో తీరు. ఇద్దరూ ఒక్కటే అని అఫిడవిట్ చేసి పెట్టినం.

లాల్‌పరి_లేటు
మా ఇంట్ల అన్నకు వార్ ఉన్నది నాకు లేదు. స్కూల్ల వేరే మాస్తర్ రాసిండు. అన్న అంటడు నువ్వు దత్తత అని

భర్తీ_భాయ్
అందరు కాగితాలు కాగితాలు అంటుండ్రు. నా మాట, సిరొంచల బీఏ కట్టు, పొద్దున నాలుగింటికి లేచి గ్రౌండ్ల ఉరుకు, గడ్చిరోలి పోలీస్ భర్తీ వస్తది. మా బ్యాచ్‌ల ఇంజనీరింగ్ చదివినోళ్ళు కూడ 1600 మీటర్లు మా ఎనక ఉరుకుతుండ్రు. అందరు చివరికి గ్రౌండుకే వస్తరు, నాలుగేండ్లు ముందుగాల వస్తే ఏమైతది

బల్లార్షా_బాబు
అన్నా నువ్వు ఎన్నేండ్ల సంది ఉరుకుతున్నవు

భర్తీ_భాయ్
నాలుగు

బల్లార్షా_బాబు
సరే

భర్తీ_భాయ్
నవ్వకుండ్రి, పోయినసారి రెండు మార్కులల్ల పోయింది. అయినా నేను చెప్పింది తప్పా? ఇంటి నుంచి రూపాయి అడగకుండ చదివే తొవ్వ అది. నేను రైస్ మిల్లుల రాత్రి లెక్కలు రాస్త, పొద్దున గ్రౌండు, మధ్యల యశ్వంతరావ్ చవాన్ ఓపెన్ యూనివర్సిటీల బీఏ. ఎవనికి బాకీ లేను.

ధర్మాబాద్_మిర్చి
తప్పేం లేదు అన్నా, ఓపెన్‌లో చదవడం తక్కువ కాదు. కానీ ఈ పిల్లకు మ్యాథ్స్ ఉంది, ఫీజు మాఫీ ఉంది, వాటిని వాడుకోకుండా గ్రౌండుకు ఎందుకు.
చెల్లీ, మాఫీ విని ఎగరకు, నేను నాందేడ్‌లో థర్డ్ ఇయర్, ఆ జీఆర్ కిందే చదువుతున్నా, ఎక్కడ దెబ్బ తగులుతుందో చెబుతా. ట్యూషన్ ఫీజు సున్నా నిజమే. కానీ అడ్మిషన్ రోజు డెవలప్‌మెంట్ ఫీజు, డిపాజిట్, జింఖానా, ఐడీ కార్డు అని మా కాలేజీలో 9 వేల చిల్లర కట్టించుకున్నారు, అది మాఫీలో రాదు. గవర్నమెంట్ కాలేజీలో తక్కువే ఉంటుంది, అయినా పోయే ముందే ఆఫీసుకు ఫోన్ చేసి అమ్మాయి, ఓబీసీ, మాఫీ పోను చేతిలో ఎంత తేవాలి అని అడుగు. సిగ్గుపడకు, ఫోన్ ఎత్తేదాకా చెయ్యి.
ఇక మొదటి మూడు నెలలు. అందరూ ఇక్కడే పడిపోతారు. ఏ స్కాలర్‌షిప్ అయినా, ఏ హాస్టల్ భత్యం అయినా జనవరి ఫిబ్రవరికి ముందు నా చేతికి ఎప్పుడూ రాలేదు, ఒకసారైతే పరీక్షలు అయిపోయాక వచ్చింది. మెస్ వాడు మాత్రం ఆగస్టు ఒకటో తారీకే అడుగుతాడు. నేను మొదటి సెమ్ నలుగురం కలిసి ఒక గది తీసుకుని గ్యాస్ పొయ్యి మీద వండుకున్నాం, మనిషికి నెలకు 2,800 అయ్యేది కిరాయితో కలిపి. సాయంత్రం ఇద్దరు పిల్లలకు ట్యూషన్ చెప్పేదాన్ని. సెకండ్ ఇయర్ నుంచి లైబ్రరీలో కమవా శికా (చదువుతూ కాలేజీలోనే పని చేయడం) కింద పని దొరికింది, గంటల లెక్కన ఇస్తారు, గొప్పగా ఉండదు కానీ నూనెకు పప్పుకు సరిపోతుంది. అందుకే అంటున్నా, ఫీజు సంగతి కాదు, చేతిలో ఒక 15 వేలు ఉంటే మొదటి సెమ్ దాటుతావు, అవి ఎక్కడివి అని ఇప్పుడే ఆలోచించు.
డబ్బు పడే ఖాతా చూసుకో. నాది ఎప్పుడో సిమ్ కొన్నప్పుడు షాపువాడు తెరిచిన పేమెంట్ బ్యాంక్ ఖాతాకు ఆధార్ లింక్ అయి ఉంది, స్కాలర్‌షిప్ అందులో పడింది, ఆరు నెలలు నాకు తెలీదు. బ్యాంకుకు పోయి ఆధార్ సీడింగ్ ఏ ఖాతాకు ఉందో అడుగు.

ప్రాణహిత_పోరి
అక్కా 15 వేలు అమ్మ దగ్గర లేవు. తునికాకు పైసలు కొన్ని ఉన్నయి, బోనస్ ఇంకా పడలే. అయినా మీరు చెప్పినంక లెక్క సమజ్ అయితుంది, నేను ఫీజు ఒక్కటే చూస్తున్న ఇన్ని రోజులు

అడవి_నెట్‌వర్క్
లోన్ తీసుకోవచ్చు కద. 4 లక్షల దాక జామీను లేకుండ ఇస్తరు ఎడ్యుకేషన్ లోన్

కిన్వట్_కాక
ఇస్తరు అని రాసి ఉంటది. మా తాలూకా బ్రాంచ్‌ల ఆ మాట అంటె మేనేజర్ మొకం చూడాలె. ఇంగ 15 వేలకు ఎవరన్న లోన్ తీసుకుంటరా. ఊళ్ళె బచత్ గట్ (పొదుపు సంఘం) ఉన్నదా చూడు, మీ అమ్మ దాంట్ల మెంబర్ అయితే గంత చిన్న పైసలు తక్కువ మిత్తికి దొరుకుతయి. బయట నూటికి ఐదు మిత్తికి మాత్రం తేవద్దు, ఎంత అర్జెంట్ అయినా.

మహేంద్రతనయ
నాను ఒడిశా సైడు, పర్లాకిమిడి. కిన్వట్ కాక కత సదివితే నా కతే రాసేడేటి అనిపించింది. మా ఊరు దాటితే పాతపట్నం, ఆంధ్రా. పది దాకా ఒడియా మీడియం, ఇంటర్ పాతపట్నంలో సేరేను, తెలుగోలం కదా తెలుగోల కాడ సదవాలని మా నాన్న పట్టు. ఎంసెట్ రాసేను, ర్యాంకూ వచ్చింది, కౌన్సిలింగ్‌కెల్తే నువ్వు నాన్ లోకల్, నాలుగేల్లు సదవాల అన్నారు. పోనీ ఒడిశాలో ఇంజనీరింగ్ అంటే సీటు జేఈఈ మెయిన్ ర్యాంకు మీద ఇస్తారు, నాను ఎంసెట్ తయారీలో పడి జేఈఈ రాయనేదు. బరంపురంలో ప్రభుత్వానిది పర్లా మహారాజా ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, మా రాజుగారి పేరే, అందులో మా ఊరోడికి నాకే సీటు నేదు, సూడండి ఇచిత్రం. నాన్న అప్పుడే పోయేరు. ఆకరికి సామ్స్ (ఒడిశా అడ్మిషన్ల) పోర్టల్లో పెట్టి మా ఊరి కృష్ణచంద్ర గజపతి కాలేజీలో ప్లస్ త్రీ బీయస్సీ సేసేను, 1896 నాటి కాలేజీ అది, ఫీజు నాను టిఫిన్ కొట్లో పనిసేసి కట్టేసినంత. ఇంటికాడి నుంచి సైకిలు. సిన్నప్పుడు ఆ గేటు ముందు గోలీలాడేవోన్ని, సదవడానికి మాత్రం ఊరంతా తిరిగొచ్చి ఆ గేట్లోకే ఎల్లేను.
ఈ గుంటకి సెప్పేదేటంటే, ఇంటికాడ ఉన్న గవర్నమెంటు కాలేజీని తీసిపారీకు. ఇంజనీరింగ్ రాకపోతే అదేం సావు కాదు.

జడ్పీ_మేడం
మహేంద్రతనయ గారు చెప్పింది కూడ గుర్తు పెట్టుకో బిడ్డా. ఇక్కడ 2011ల గోండ్వానా యూనివర్సిటీ అయ్యేదాక మా పిల్లలు ప్రతి కాగితానికి నాగ్‌పూర్ పోవాల్సి వచ్చేది, ఇప్పుడు గడ్చిరోలిలనే అయితది. అంటే బీఎస్సీ కూడ ఒక తొవ్వే.

బల్లార్షా_బాబు
ఇంకో తొవ్వ ఎవరూ చెప్పలే. ట్వెల్త్ సైన్స్ అయినోళ్ళు పాలిటెక్నిక్‌ల డైరెక్ట్ సెకండ్ ఇయర్‌కు పోవచ్చు. గడ్చిరోలిల, బ్రహ్మపురిల గవర్నమెంట్ పాలిటెక్నిక్‌లు ఉన్నయి. రెండేండ్లల డిప్లొమా, తర్వాత కావాలంటే ఇంజనీరింగ్ డైరెక్ట్ సెకండ్ ఇయర్. నేను టెన్త్ తర్వాత డిప్లొమా చేసి అట్లనే పోయిన. మధ్యల ఆగిపోయినా చేతుల డిప్లొమా ఉంటది, ఇంజనీరింగ్ సగంల ఆగిపోతే కష్టం. ఇంట్ల ఎప్పుడు ఏం అయితదో తెల్వనోళ్ళకు ఇది మంచిది.

ధర్మాబాద్_మిర్చి
ఆలోచించదగ్గదే కానీ ఆమెకు మాఫీ ఉంది, సీఈటీ ఉంది, ముందు క్యాప్ చూడనీ. డిప్లొమా వెనక పెట్టుకోవచ్చు.

బల్లార్షా_బాబు
వెనక పెట్టుకుంటే డిప్లొమా అడ్మిషన్ తేదీలు అయిపోతయి, రెండు ఫారాలు ఒక్కసారి నింపాలె. నాకు తెలిసే చెప్తున్న
ఇంగొకటి, ఆప్షన్ ఫారంల టీఎఫ్‌డబ్ల్యూఎస్ (ట్యూషన్ ఫీజు మాఫీ) సీట్లు ముందు పెట్టు. చాయిస్ కోడ్ చివర టీ ఉంటది. దానికి వ్యాలిడిటీ అక్కర లేదు, ఆదాయం 8 లక్షల లోపల ఉన్నట్టు దాఖలా చాలు, ట్యూషన్ ఫీజు ఉండది. మొత్తం సీట్లల్ల 5 శాతమే కాబట్టి కటాఫ్ పైకి పోతది, వస్తే వస్తది. నీ వ్యాలిడిటీ లేట్ అయినా అది కాపాడుతది. ఒక్కటి మరువకు, మొదటి ఆప్షన్ వస్తే అది ఆటోమేటిక్ ఫ్రీజ్, మళ్ళ నాకు వద్దు అంటే నడవది. నిజంగ పోతావు అనుకునేదే ఒకటో నంబర్ల పెట్టు.

జడ్పీ_మేడం
బాబు చెప్పింది కరెక్ట్. ఆడపిల్లలకు ఏఐసీటీఈ ప్రగతి అని ఏడాదికి 50 వేల స్కాలర్‌షిప్ కూడ ఉన్నది, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌ల. రెండు స్కాలర్‌షిప్‌లు ఒక్కసారి తీసుకోవద్దు అనే కండిషన్ ఉంటది, అది మొత్తం చదివి ఏది లాభమో చూసి నింపు. ఓబీసీ ఆడపిల్లల హాస్టల్ చంద్రపూర్‌ల అడుగు, సీటు దొరకకపోతే సావిత్రిబాయి ఫులే ఆధార్ యోజనకు పెట్టు, బయట ఉండి చదివేటోళ్ళకు భత్యం ఇస్తరు. అది కూడ లేటే వస్తది, ధర్మాబాద్ అమ్మాయి చెప్పినట్టు.

భర్తీ_భాయ్
ఇన్ని యోజనలు ఉన్నయని నాకు నాలుగేండ్ల కింద ఎవడూ చెప్పలే 🙂

ప్రాణహిత_పోరి
అందరివీ రెండు సార్లు చదివిన, నోట్‌బుక్‌ల రాసుకున్న. బండాయన వచ్చిండు శనివారం, అమ్మ బయటకు రాలే, నేనే మా దగ్గర కాగితాలు లేవు, సేతు కేంద్రంల ఇచ్చినం అన్న. రేషన్ కార్డు వేరే చెయ్యమంటె మామ కోపానికి వచ్చిండు, నన్ను వేరే పెడ్తున్నరా అని. అమ్మ కూసోవెట్టి చెప్పింది, స్కాలర్‌షిప్ కాగితం కోసమే అని. రెండు రోజులు మాట్లాడలే, మూడో రోజు తలాఠి దగ్గరికి ఆయనే తీస్కపోయిండు.

అడవి_నెట్‌వర్క్
మామ జిందాబాద్

కిన్వట్_కాక
వ్యాలిడిటీ ఏమైంది బిడ్డా?

ప్రాణహిత_పోరి
కోత్వాల్ బుక్ నకల్‌కు అర్జీ పెట్టిన, క్లర్క్ రిజిస్టర్ చిరిగిపోయింది, దేవులాడాలె అన్నడు. రెండు సార్లు తిరిగిన. చిన్నాయన కొడుకు ఐటీఐ చేసిండు, వానికి వ్యాలిడిటీ ఉన్నదని ఎవరో అన్నరు. అమ్మకు చెప్పకుండ నేను తమ్ముడు పోయినం. చిన్నాయన ఇంట్ల లేడు. చిన్నమ్మ మమ్మల్ని చూసి మొదలు గుర్తువట్టలే, తర్వాత తమ్ముని మొకం చూసి మీ బాపు మొకమే అన్నది. అన్నం తినే దాక పోనియ్యలే. ట్రంకుల నుంచి తీసి ఇచ్చింది, జిరాక్స్ తీసుకొని మళ్ళ తెచ్చియ్యి, మీ చిన్నాయనకు చెప్పకు అన్నది. జిరాక్స్ షాపుల నా చేతులు వణికినయి. అఫిడవిట్ కూడ అయింది, ఫారం గడ్చిరోలిల జమ చేసి రసీదు తెచ్చుకున్న, 200 కిలోమీటర్ల పైననే ఉన్నది, ఆలాపల్లి రోడ్డు సంగతి మీకు తెలుసు కద, నడుము ఇంకా నొస్తుంది.

జడ్పీ_మేడం
మంచి పని చేసినవు బిడ్డా. ఆ జిరాక్స్ ఇంకో రెండు సెట్లు తీసి పెట్టు, తమ్మునికి కూడ అదే పనికొస్తది. వాంది లెవెంత్‌లనే పెట్టియ్యి.

మహేంద్రతనయ
సిన్నమ్మకి దండమెట్టు

ధర్మాబాద్_మిర్చి
ట్రంకులో దాచింది తీసి ఇచ్చిందంటే... సరేలే. ఆప్షన్ ఫారం నింపావా?

ప్రాణహిత_పోరి
నింపిన అక్కా. పాలిటెక్నిక్ ది కూడ నింపిన, బాబు అన్న చెప్పినట్టు. మొదటి రౌండ్‌ల ఏం రాలే, రెండో రౌండ్‌ల చంద్రపూర్ సివిల్ వచ్చింది. కంప్యూటర్ కావాలని ఉండె. సివిల్ అంటె ఎండల నిలవడుడే కద అని మామ అన్నడు, అమ్మ అన్నది, తునికాకు కంటె ఎండ ఉంటదా.

భర్తీ_భాయ్
అమ్మ గెలిచింది

బల్లార్షా_బాబు
డ్రాఫ్టర్, వర్క్‌షాప్ ఏప్రన్ కొత్తవి కొనకు, కాలేజ్ గేటు కాడ మస్తు రేటు చెప్తరు. సీనియర్లను అడుగు, సగం ధరకు ఇస్తరు, నా డ్రాఫ్టర్ అట్లనే నలుగురి చేతులు మారింది. మంచిర్యాల దాక బస్సు, అక్కడి నుంచి బల్లార్షా రైలు పట్టుకుంటే అడవి రోడ్డు తప్పుతది.

ధర్మాబాద్_మిర్చి
మొదటి రోజు అమ్మను తీసుకొని పో. హాస్టల్ చూడకుండా బయట గది అడ్వాన్స్ ఇవ్వకు. డబ్బు సంగతి ఏమైంది?

ప్రాణహిత_పోరి
బచత్ గట్ల అమ్మకు 8 వేలు ఇచ్చిండ్రు, తునికాకుది 4 వేలు ఉన్నది. పిన్ని మంచిర్యాలల రాత్రి ఉండి పొమ్మన్నది, ఆమె కూడ ఏదో ఇస్త అన్నది, చూడాలె. ఇప్పుడు బస్టాండ్ల ఉన్న, అమ్మ కూడ వస్తుంది. మామ సంచి మోసుకొచ్చిండు. ఏం మాట్లాడలే. బస్సు కోసం నిలవడితే జేబుల నుంచి 500 తీసి తమ్ముని చేతుల పెట్టి నాకు ఇయ్యమన్నడు, నేను పక్కనే ఉన్న.

లాల్‌పరి_లేటు
బస్సు టైంకు వచ్చిందా?

ప్రాణహిత_పోరి
గంటన్నర అయింది, ఇంకా రాలే